అంత్రవృద్ధి అంటే పేగు పెరగడమా?

ప్రశ్న: మా బావగారికి గజ్జల్లో హెర్నియా, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆసుపత్రివాళ్లిచ్చిన కరపత్రంలో ‘తాళపురంధ్ర పద్ధతిలో అంత్రవృద్ధి శస్త్రచికిత్స చేయబడును’ అని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లేమో వరిబీజం అంటున్నారు. ఏది సరైన మాట?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం

సమాధానం: వరిబీజం మాత్రం కాదు. అది వృషణం చుట్టూ నీరు పట్టడం. దాన్నక్కడితో వదిలేద్దాం.

అంత్రవృద్ధి ప్రాచీన ఆయుర్వేద శస్త్రవైద్యుడు సుశ్రుతుడి మాట. తన సంహితలో, రోగకారణాలు చెప్పే నిదానస్థానంలో, ఏడు రకాల ‘వృద్ధి’ (వృషణాల సంచి వాపు) చెప్పి దీన్ని చివర పెట్టాడు. బరువులు మొయ్యడం, తనకన్నా బలవంతుడితో కలబడటం, చెట్టుమీంచి పడటం కారణాలట. మన పోర్టు కళాసీలను చూసి రాశాడా అనిపిస్తుంది! పేగు వంక్షణంలోకి, అంటే గజ్జలోకి, దిగి ముడిలా నిలుస్తుంది. అశ్రద్ధ చేస్తే వృషణాల సంచిలోకి దిగుతుంది. నొక్కితే పైకి పోతుంది, వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. ఇవాళ్టి సర్జను రోగిని నిలబెట్టి, దగ్గమని, వేలితో నొక్కి చూసేదీ ఇదే. మరి ‘వృద్ధి’ ఏమిటంటారా? ఏడింటినీ కలిపి చెప్పేటప్పుడు ఆయన ‘నిమిత్తాః’, అంటే ఫలానా కారణంగా కలిగేవి, అన్నాడు. పేగు నిమిత్తంగా సంచి పెరగడమని భావం. కాబట్టి సమాసాన్ని తృతీయతో విడదీయాలి. మనవాళ్లు షష్ఠి తగిలించి ‘పేగు యొక్క పెరుగుదల’ చేసి కూర్చున్నారు. విగ్రహవాక్యం చెప్పలేనివాళ్లకు సమాసాలెందుకండీ?

అసలు పేగు పెరగదు, లోపం గోడది. గజ్జలో సుమారు 4 సెంటీమీటర్ల ఏటవాలు దారి ఒకటుంది. మగవాళ్లలో శుక్రనాళమూ, వృషణానికి పోయే రక్తనాళాలూ అందులోంచే వెళ్తాయి. ఆ దారి లోపలి ద్వారంలోంచి జారితే ఒక రకం, దానికి ఇవతల పలచబడిన గోడను తోసుకొస్తే ఇంకో రకం. రెంటికీ మధ్య సరిహద్దు ఒక రక్తనాళం. జారేది ఒక్కోసారి పేగు కాక కొవ్వు కూడా కావచ్చు. అందుచేత ‘పేగు జారడం’ కూడా నూటికి నూరుపాళ్లు ఒప్పు అనలేను. అయినా నా ఓటు దానికే. హెర్నియా అన్నా తప్పుపట్టను.

ఇక కీహోలు, అదే మీ కరపత్రంలోని ‘తాళపురంధ్రం’. బొడ్డు దగ్గరొక చిన్న కోత, ఇంకో రెండు అంతకన్నా చిన్నవి. కెమెరాతో లోపలి వైపు నుంచి చూస్తూ, జారినదాన్ని వెనక్కి లాగి, గోడకీ దాని లోపలివైపు ఉండే పెరిటోనియం అనే పలచని పొరకీ నడుమ దాదాపు 15 సెంటీమీటర్ల పొడవూ 10 సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న మెష్ పరుస్తారు. కడుపులోకి వెళ్లి, ఆ పొరను కోసి, పని అయ్యాక మూసెయ్యడం ఒక పద్ధతి. కడుపులోకి పోకుండా కండరానికీ పొరకీ మధ్యనే చోటు చేసుకోవడం రెండోది. ఎలా చేసినా ఆ రెండు రకాలతోపాటు తొడవైపు జారే సందు కూడా ఆ మెష్ కిందికే వస్తుంది. మెష్‌ను ‘జాలకం’ అని రాసేవాళ్లున్నారు. జాలరిపేట ఉన్న ఊళ్లో వల అనడానికి నోరు రాదా?

తాళపురంధ్రమంటే నాకు బీరువా గుర్తొస్తుంది. ‘చిన్న కోతల ఆపరేషన్’ అంటే చాలదా? చాలదనుకుంటే కీహోలనే ఉంచండి, అడ్డుపడను. ‘చేయబడును’ బదులు ‘చేస్తారు’ అని రాయడానికి ఏమొచ్చిందో మాత్రం ఆ కరపత్రం రాసినవారే చెప్పాలి.