వర్కర్లు పెడుతున్నావట కదా

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో మాటల మధ్యలో చెప్పాడు, నువ్వు చాట్ సర్వర్‌కి వర్కర్లు పెడుతున్నావని, శనివారం రాత్రంతా మేలుకుంటావని. సర్వర్ పనిని పంచుకునే అదనపు ప్రాసెస్‌లని మనకి తెలుసు గానీ, వాడికి వర్కర్లంటే పనివాళ్లే. "ఎంతమందిని పెట్టుకుంటున్నాడక్కా, జీతాలెవరిస్తారు?" అన్నాడు. నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నా ఒళ్లో కూర్చుని కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కున్నవాడివి, సినాప్స్ లాంటి చాట్ సర్వర్ ప్రోగ్రామ్‌ని సొంతంగా నడుపుతున్నావంటే గర్వంగా ఉండదా? ఉంది. కానీ ముందు భయమే వేసింది.

అసలు నీకు వర్కర్లు అవసరమా? అది చూసుకో ముందు. సినాప్స్ పైథాన్‌లో రాసినది కాబట్టి ఒక ప్రాసెస్ ఇంచుమించు ఒక్క కోర్‌నే వాడుకోగలదు. ప్రాసెస్‌ల లెక్క చూపించే టాప్ తెరిచి చూడు. ఆ ప్రాసెస్ గంటల తరబడి 100 శాతం దగ్గరే ఉండి, మిగతా కోర్లు ఊరికే కూర్చుంటే వర్కర్లు పెట్టుకో. ఆలస్యం నీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లోనో డిస్క్‌లోనో ఉంటే మాత్రం, ఎండిపోయిన బావిలో ఇంకో నాలుగు బొక్కెనలు వేసినట్టే. వేల మంది ఉన్న పబ్లిక్ రూముల్లో సరదాకి చేరావేమో కూడా చూసుకో. వాటి స్టేట్, అంటే ఎవరున్నారు, ఎవరికేం హక్కులు అనే లెక్కలు తేల్చడానికే చిన్న సర్వర్ ప్రాణం పోతుంది. అలాంటి రూముల్లోంచి బయటికొచ్చేస్తే చాలాసార్లు సగం రోగం తగ్గిపోతుంది.

తెలిసిన పనులు గబగబా చెప్పేస్తాను, విసుక్కోకు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద వర్కర్లు నడవవు, పోస్ట్‌గ్రెస్ ఉండాల్సిందే, దాని లొకేల్, అంటే అక్షరాల క్రమం చూసే సెట్టింగ్, సీ అయి ఉండాలి. ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి కబురు పంపుకోవడానికి రెడిస్ కావాలి. ప్రాసెస్‌లు మాట్లాడుకునే రెప్లికేషన్ పోర్ట్‌ని లోకల్ అడ్రస్ మీదే ఉంచు, బయటికి తెరవకు, రెప్లికేషన్ సీక్రెట్ కూడా పెట్టు. ఏ ప్రాసెస్ ఎక్కడుందో రాసే ఇన్‌స్టెన్స్ మ్యాప్‌లో మెయిన్ ప్రాసెస్ అడ్రస్ మర్చిపోకు. ఒక్కో వర్కర్‌కీ వేరే పేరు, వేరే పోర్ట్, వేరే లాగ్ ఫైల్. డేటాబేస్ డంప్, మీడియా ఫోల్డర్, సర్వర్ సంతకం లాంటి సైనింగ్ కీ, ఈ మూడూ వేరే మిషన్‌లోకి కాపీ అయ్యాయని కళ్లారా చూశాకే మొదలుపెట్టు. "ఆటోమేటిగ్గా అవుతుందత్తా" అనకు. అది ఎన్నిసార్లు విన్నానో.

ఇక నా నిద్ర పాడు చేసిన విషయం.

అప్పట్లో నా సర్వర్‌లో 200 మంది ఉండేవాళ్లు. 8 కోర్లు, 16 జీబీ మెమరీ. నిజానికి మూడు వర్కర్లు పెడితే హాయిగా నడిచేది. పెద్ద సర్వర్లవాళ్లు డజన్ల కొద్దీ పెడతారని విని, నేనేం తక్కువా అని 14 పెట్టాను. మెయిన్‌తో కలిపి 15. ఒక్కోదానికీ ముద్దుగా పేర్లు కూడా పెట్టుకున్నాను. టాప్‌లో అన్ని కోర్లూ సమానంగా కదులుతుంటే చూసుకుని మురిసిపోయాను.

డేటాబేస్ సెట్టింగ్ మాత్రం పాతదే ఉంది. సీపీ మిన్ 5, సీపీ మ్యాక్స్ 10, అంటే డేటాబేస్‌కి కనీసం 5, గరిష్ఠంగా 10 కనెక్షన్లు. ఆ 10 సర్వర్ మొత్తానికి అనుకున్నాను. కాదురా. ప్రతి ప్రాసెస్‌కీ విడిగా ఒక కనెక్షన్ పూల్ ఉంటుంది, ఆ 10 ఒక్కో పూల్‌కి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లు ఇస్తుంది, అందులో 3 సూపర్‌యూజర్ కోసం, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ కోసం, పక్కన పెడుతుంది. మిగిలేవి 97. మామూలు రోజుల్లో నా పూల్స్ అయిదేసి దగ్గరే ఉన్నాయి, 75 అన్నమాట. అందుకే పెట్టిన రోజు ఏమీ కాలేదు. వారమంతా ఏమీ కాలేదు. రద్దీ పెరిగి అన్నీ పదేసి వైపు ఎగబాకిన రోజున 150 కావాల్సొచ్చింది.

ఆ రోజు తాతయ్యకి ఆపరేషన్. నేను వేరే ఊళ్లో ఉన్నాను, తెల్లారి బయలుదేరాలి. ఇంటి కబుర్లన్నీ నా సర్వర్‌లోనే మాట్లాడుకోవాలని అందరి ఫోన్లలో యాప్ పెట్టించింది నేనే, గుర్తుందా? రాత్రి పదిన్నరకి లాగ్‌లో ఒకటే లైను వరసగా పడటం మొదలైంది, మిగిలిన స్లాట్లు సూపర్‌యూజర్‌కి రిజర్వ్ చేసి ఉన్నాయి అని. ఒక్క నిమిషం ఆగి కూడిక వేసి ఉంటే అయిపోయేది. నేను మ్యాక్స్ కనెక్షన్స్‌ని 500 చేసి పోస్ట్‌గ్రెస్‌ని రీస్టార్ట్ చేశాను. సినాప్స్ కూడా.

రీస్టార్ట్ అయిన మొదటి నిమిషాలే అన్నిటికంటే కష్టం. అందరి ఫోన్లూ ఒక్కసారిగా సింక్, అంటే కొత్త మెసేజ్‌లు, అడుగుతాయి, తరచూ వాడేది మెమరీలో దాచే క్యాష్‌లు ఖాళీగా ఉంటాయి, ప్రతిదానికీ డేటాబేస్ తలుపే తట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ అంటే ఒక్కో ప్రాసెస్, దాని మెమరీ దానిది. అది చాలదన్నట్టు, ఒకే ప్రాసెస్ ఉన్న రోజుల్లో క్యాష్ ఎంత పెద్దగా ఉండాలో చెప్పే గ్లోబల్ ఫాక్టర్‌ని 0.5 నుంచి 2కి పెంచి మర్చిపోయాను. ఇప్పుడు 15 ప్రాసెస్‌లూ ఎవరి క్యాష్ వాళ్లు ఆ 2 లెక్కన పెంచుకుంటూ పోయాయి. మెమరీ నిండిపోయింది. మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లని చంపే ఓఓఎం కిల్లర్‌ని కెర్నెల్ లేపింది, అది పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒకదాన్ని చంపింది. ఒకటి అలా పోతే పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీకి వెళ్తుంది. లేచింది, ఫోన్లన్నీ మళ్లీ మీద పడ్డాయి, మళ్లీ పోయింది. అలా మూడుసార్లు.

మూడు గంటలకి 11 వర్కర్లని ఆపి, వాటి పేర్లు కాన్ఫిగ్‌లోంచి, వాటి దారులు రిక్వెస్టులు పంచే ఎన్జినెక్స్‌లోంచి తీసేసి, క్యాష్ తగ్గించాను. నిలబడింది. మంచినీళ్లకని పక్క గదిలోకి వెళ్తే అక్కడ ఫోన్ సైలెంట్‌లో వెలుగుతోంది. మీ నాన్నవి తొమ్మిది మిస్డ్ కాల్స్. ఆసుపత్రి వరండాలో నిలబడి పదకొండింటికే మెసేజ్ పెట్టాడట, "ఆపరేషన్ అయింది, నాన్న కళ్లు తెరిచారు" అని. అది వెళ్లలేదు. ఎర్ర గుర్తు పడితే మళ్లీ నొక్కాడట, మళ్లీ మళ్లీ. నాలుగు గంటలు నేను సర్వర్ బతికిందా లేదా అనే చూస్తూ కూర్చున్నాను.

తాతయ్య ఇంటికొచ్చాక "నీ మిషన్ కంటే నేనే ముందు లేచానే" అని అందరి ముందూ ఏడిపించారు. ఇప్పుడు ఆ మాట అనడానికి ఆయన లేరు.

అందుకే శనివారం ముందు ఒక కాగితం తీసుకో. ఎన్ని వర్కర్లో దానికి ఒకటి కలుపు, సీపీ మ్యాక్స్‌తో గుణించు, నీ బ్యాకప్‌కీ నువ్వు డేటాబేస్ చూడ్డానికి తెరిచే పీఎస్‌క్యూఎల్‌కీ ఓ అయిదు వదులు. మొత్తం 97 దాటకూడదు. నాలుగు వర్కర్లైతే 50, 55 దగ్గర ఆగుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో ఏదీ ముట్టుకోనక్కర్లేదు. మెమరీకీ అలాగే లెక్క వెయ్యి, క్యాష్ ఫాక్టర్ పెంచి ఉంటే కిందికి దించు. ఇంకోటి, సినాప్స్ వాడే డేటాబేస్ యూజర్‌కి సూపర్‌యూజర్ హక్కులు ఇవ్వకు. ఇచ్చావంటే ఆ చివరి మూడు స్లాట్లూ అదే మింగేస్తుంది, లోపలేం జరుగుతోందో చూడ్డానికి నీకే దారి ఉండదు. ఆ రాత్రి నేను లోపలికి వెళ్లగలిగింది ఆ మూడింటి పుణ్యానే.

ఒకేసారి అన్నీ పెట్టకు. సింక్ కోసం ఒక్క వర్కర్ పెట్టి రెండు రోజులు చూడు. ఎన్జినెక్స్‌లో దారి తప్పుగా రాస్తే ఏదీ విరగదు, రిక్వెస్టులు మెయిన్‌కే వెళ్తాయి, వర్కర్ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది, నువ్వేమో అంతా బాగుందనుకుంటావు. దాని లాగ్‌లో రిక్వెస్టులు పడుతున్నాయో లేదో చూడు.

వేరే సర్వర్లకి మెసేజ్‌లు పంపే ఫెడరేషన్ సెండర్ దగ్గర నాకు ఇంకా గుండె దడే. దాని పేరు కాన్ఫిగ్‌లో రాశావంటే మెయిన్ ఇక బయటికి ఏదీ పంపదు. ఆ వర్కర్ లేవకపోతే మీవాళ్ల మధ్య కబుర్లు మామూలుగానే నడుస్తాయి, వేరే సర్వర్లవాళ్లకి మాత్రం ఒక్క ముక్క చేరదు. ఎర్ర గుర్తు కూడా పడదురా. వేరే సర్వర్‌లో ఉన్నవాళ్లకి ఒక మెసేజ్ పెట్టి, అందిందని వాళ్ల నోటితో విను. రెండు సెండర్లు పెట్టే రోజొస్తే, కాన్ఫిగ్‌లో సెండర్ల లిస్ట్ మార్చినప్పుడల్లా రెండింటినీ పూర్తిగా ఆపాకే మళ్లీ లేపు. ఒకటి పాత లిస్ట్‌తో, ఒకటి కొత్త లిస్ట్‌తో నడిస్తే మధ్యలో ఈవెంట్లు జారిపోవచ్చు.

సర్వీసులు లేపే సిస్టమ్‌డీలో అన్నిటినీ ఒకే టార్గెట్ కింద కట్టు. అప్‌గ్రేడ్ చేస్తే మెయిన్‌తో పాటు వర్కర్లన్నీ కొత్త వెర్షన్‌కి రావాలి, ఒకటి పాతది మిగిలిపోకూడదు.

శనివారం అన్నం తిని కూర్చో. కాగితం మీద లెక్క వేశాక ఒక ఫొటో తీసి పంపు, నీ సర్వర్‌లో కాదు, మామూలు ఎస్ఎంఎస్‌లో. రాత్రి ఎన్నింటికైనా ఫోన్ చెయ్యి. మంచం పక్కనే పెట్టుకుంటాను, సైలెంట్‌లో ఉండదు.

మీ అత్త