పాత బొమ్మల సినిమాల్లో ఏముంది?

ప్రశ్న: మేడమ్, మొన్న ఆదివారం మా బాబుతో కలిసి ఫోన్లో ఏదో వెతుకుతుంటే 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' అనే బొమ్మల సినిమా కనపడింది. నా చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిందే, చూస్తుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి గానీ వాడు మాత్రం బోర్ మమ్మీ అని లేచెళ్లిపోయాడు. వాడికి తొమ్మిదేళ్లు. నాకిది ఉత్త చిన్ననాటి మురిపమేనా, లేక ఈ పాతవాటిల్లో నిజంగా ఏమైనా ఉందా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఉందండీ, చాలా ఉంది. ఉత్త మురిపమే అయితే నేను చిన్నప్పుడు అసలు చూడనే చూడని 'బీడ్ గేమ్' అనే పొట్టి బొమ్మల సినిమా నన్నంతలా పట్టుకోకూడదు కదా. గుజరాత్‌లో పుట్టిన ఇషు పటేల్ గారు 1977లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ కోసం తీశారు, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది, అయినా మనవాళ్లలో ఎంతమందికి తెలుసు చెప్పండి. ఆరు నిమిషాలు కూడా ఉండదు, మాట ఒక్కటీ ఉండదు, నల్లటి తెర మీద మొత్తం పూసలే. ఆ పూసలే ఓ జీవి అవుతాయి, దాన్ని ఇంకోటి మింగేస్తుంది, దాన్ని ఇంకా పెద్దది, అలా అలా మనుషులు ఒకళ్లనొకళ్లు చంపుకునేదాకా పోతుంది. అదంతా పూసల్ని చేత్తో ఇంత జరపడం, ఒక ఫ్రేమ్, అంటే ఒక్క ఫొటో, తీయడం, మళ్లీ జరపడం. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, మీరే లెక్కేసుకోండి. లాడ్ బజార్‌లో వేడి లక్క గాజు మీద ఒక్కో రాయీ అద్దేవాళ్లని దగ్గర్నించి చూసే ఉంటారు, ఆ చెయ్యే గుర్తొస్తుంది నాకు.

లోటె రైనిగర్ అని జర్మనీ ఆవిడ 1935లో తీసిన 'పాపగెనో' కూడా చూడండి. నల్ల అట్టని కత్తెరతో కత్తిరించి, మోచేతుల దగ్గర మోకాళ్ల దగ్గర తీగతో కట్టి, కింద లైటు పెట్టిన గాజు బల్ల మీద పెట్టి కదిపేది. మన తోలుబొమ్మలాటకి దగ్గరి చుట్టం అనిపిస్తుంది, కాకపోతే మన బొమ్మల్లో రంగులుంటాయి, ఆవిడవి నల్లటి నీడలు.

బాబు మీద కోప్పడకండి. ఇది పాతది అని ముందే చెప్పకుండా, రాత్రి లైట్లార్పి 'బీడ్ గేమ్' పెట్టండి, ఫోన్లో వద్దు, టీవీలో. మర్నాడు మీ దగ్గరున్న పూసల డబ్బా వాడి ముందు బోర్లించండి.