ఇంగ్లాండులో మధ్యయుగపు మఠాలు ఎలా కూలిపోయాయి? మీరేదైనా చూశారా?

నాకు బాగా తెలిసింది ఒక్కటే, లండన్‌కి పడమరనున్న రెడింగ్ ఊళ్లోని పాత మఠం, 'రెడింగ్ అబ్బే'. మా ఆఫీసు నుంచి పది నిమిషాల నడక. ఏడేళ్లుగా మధ్యాహ్నం బాక్సు తెచ్చుకుని ఆ గోడల మధ్యే తింటున్నాను.

కిందటేడు నాన్న వచ్చారు. అమరావతి పక్క ఊరు మాది, ఆయన నలభై ఏళ్లు తాపీ పని చేశారు. లండన్‌లో ఏం చూపించినా "బాగుందిరా" అని ముందుకు నడిచేవారు. ఇక్కడ మాత్రం ఆగిపోయారు. ఎగుడుదిగుడుగా ఉన్న చెకుముకి రాళ్లని, వాటి మధ్య సున్నాన్ని అరచేత్తో తడిమి, "ఇది గోడ కాదురా, గోడ కడుపులో నింపిన రాయి. పైన పెట్టిన చెక్కుడు రాయి ఎవరో ఊడబీక్కుపోయారు" అన్నారు. ఏడేళ్లు అక్కడ తిన్న నేనేమో మొదటి నుంచీ అలాగే కట్టారనుకున్నాను!

ఆయన చెప్పిందే జరిగింది. 1121లో ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ కట్టించిన మఠం ఇది. ఆయన్ని ఇక్కడే పూడ్చారు, సమాధి ఎక్కడో ఇప్పటికీ తేలలేదు. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూసేయించి, మఠాధిపతి హ్యూ ఫారింగ్‌డన్‌ను ఇక్కడే చంపించాడు. ఆ తర్వాత రాళ్లు బయటికి పోవడం మొదలైంది. కొన్ని విండ్సర్ కోటకి, కొన్ని ఊళ్లోని సెయింట్ మేరీస్ చర్చికి. 1844లో మఠం స్థలంలోనే జైలు కూడా కట్టారు. వానకీ ఎండకీ కూలిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాన రాళ్లని బండికెత్తి తీసుకుపోదు కదా.

"మన స్తూపానికీ ఇంతేగా" అన్నారు నాన్న. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని మనవాళ్లు కోప్పడతారు, నాకూ కోపమే. కానీ అంతకుముందు ఆ సున్నపురాతి పలకల్ని ఇళ్లకీ కట్టడాలకీ వాడుకున్నది, సున్నం కోసం కాల్చింది మనవాళ్లే. ఆ మాట ఎత్తితే వాట్సాప్ గ్రూపులో నన్ను దేశద్రోహి అన్నారు. ఇక్కడికొచ్చే మన కుటుంబాలు అవుట్‌లెట్ షాపింగుకి రోజంతా ఇస్తారు, టికెట్ కూడా లేని ఈ చోటికి అరగంట ఇవ్వరు. అదీ నాకు బాధే.

"ఆ చర్చి ఎంత దూరం?" అని నాన్న అడిగారు. నడిచే వెళ్లాం. రాయీ చెకుముకీ గళ్లు గళ్లుగా పేర్చిన ఆ టవర్ ముందు చాలాసేపు నిలబడి, చెయ్యి ఆనించి, "మంచి రాయి" అన్నారు.