నాటకం నుంచి సొంత సినిమాకు: కెమెరా కొనేముందు

ప్రశ్న: తెనాలిలో బీకామ్ ఫైనలియర్ చదువుతున్నాను సార్. మూడేళ్లుగా పరిషత్తు నాటికల్లో వేషాలు వేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఇండిపెండెంట్ సినిమాలు తీయాలని ఉంది. దాచుకున్నవి 60 వేలున్నాయి. కెమెరా కొనమంటారా? మేం ఆడిన నాటికనే సినిమాగా తీయొచ్చా?

జవాబు: కెమెరా కొనకండి. ఆ డబ్బుతో 8 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి పూర్తి చేయండి. రాత్రి సీన్లు పెట్టుకోకపోతే మంచి ఫోను సరిపోతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 దగ్గర లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఆటోలో వదిలేస్తే ట్యూబులైటు కింద బొమ్మ మినుకుమినుకుమనొచ్చు.

డబ్బు పెట్టాల్సింది సౌండు మీద. కనీసం మూడో వంతు పక్కన పెట్టి రికార్డరు, కాలర్ మైకులు, అవి వాడడం తెలిసిన మనిషిని అద్దెకు తెచ్చుకోండి. మొదటి సినిమాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక షాట్‌లో ఫ్యాను మోత ఉండి, పక్క షాట్‌లో లేకపోతే షాట్ మారిన ప్రతిసారీ చెవికి తగులుతుంది. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. డబ్బింగులో చూసుకుందాంలే అనుకోవద్దు. సీన్‌లో పలికిన గొంతు స్టూడియోలో మళ్లీ రావడం కష్టం.

నాటిక సంగతి. ఆడటానికి రచయిత ఇచ్చిన అనుమతి సినిమాకు చెల్లదు, విడిగా రాతపూర్వకంగా తీసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు వారసులదే. అనుమతి దొరికినా గంట నాటికను యథాతథంగా తీయకండి. స్టేజీ మీద తండ్రి ‘ఇల్లు అమ్మేశానమ్మా’ అనాలి, లేకపోతే చివరి వరుసకు తెలియదు. సినిమాలో ఆయన స్క్రూడ్రైవరుతో గేటు మీది నేమ్‌ప్లేట్ ఊడదీస్తాడు. వెలిసిన రంగు మధ్య నాలుగు చిల్లులు, కొత్తగా కనపడే ఒక చదరం మిగులుతాయి. ఆ డైలాగు ఇక అక్కర్లేదు.

మీకున్న అసలు బలం రిహార్సల్. రెండు వారాలు చేయించండి, హాల్లో కాదు, షూటింగ్ జరిగే ఇంట్లోనే. అప్పుడే గొంతులు గదికి తగ్గట్టు దిగుతాయి. ఏ మాట దగ్గర టీ గ్లాసు ఎత్తారో రాసుకోండి. క్లోజప్‌లో అది మారితే రెండు షాట్లూ కలవవు.

8 పేజీల స్క్రిప్టుకు మూడు రోజులు పెట్టుకోండి. ప్రతి రాత్రీ ఫుటేజీని రెండు డిస్కుల్లోకి ఎక్కించాకే ఫోను ఖాళీ చేయండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో మొదటి ఎడిట్ మీరే చేయండి. తీయకుండా వదిలేసిన షాట్లేవో అక్కడే బయటపడతాయి.

సినిమా పాటలు వాడొద్దు. ఫెస్టివల్స్‌కు పంపే ఉద్దేశముంటే ముందే యూట్యూబ్‌లో పెట్టకండి, కొన్ని ఫెస్టివల్స్ అలాంటివి తీసుకోవు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

డిగ్రీ మాత్రం ఆపొద్దు. పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో పీజీ కోర్సులకు అది కావాలి. ప్రవేశ పరీక్ష రాసేటప్పుడు డైరెక్షన్‌తో పాటు ఎడిటింగ్, సౌండ్ కోర్సులూ చూడండి. ఆ పని చేతిలో ఉంటే, మీ సినిమాకు డబ్బు దొరకని ఏడాది కూడా ఇంకొకరి సినిమాలో జీతం ఉంటుంది.