యాప్‌లు వచ్చాక ఊళ్లో తిరిగి రాసేవాళ్లకు పనేంటి?

ఖమ్మం జిల్లా మిర్చి రైతు ఒకాయన అడిగారు: బీఎస్సీ అగ్రికల్చర్ అయిన మా అమ్మాయి ఎంఏ ఆంత్రొపాలజీ (మనుషుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని, అలవాట్లను చదివే శాస్త్రం) చేసి డిజిటల్ వ్యవసాయం మీద రీసెర్చ్ చేస్తానంటోంది, యాప్‌లు, డ్రోన్లు ఇంజినీర్ల పని కదా, ఇందులో ఆమెకు ఉద్యోగం ఎక్కడ?

పని ఉందండీ, అదీ మన పొలాల దగ్గరే. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు విత్తనం ఎప్పుడు వేయాలో మెసేజ్‌లు పంపాయి. తేదీ లెక్క కంప్యూటర్ కడుతుంది. కానీ మెసేజ్ వచ్చిన ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది, ఆ రోజుకు ట్రాక్టర్ దొరుకుతుందా, అప్పు మీద విత్తనం ఇచ్చే షాపాయన ఏమంటాడు, ఇవన్నీ ఊళ్లో నెలల తరబడి ఉండి చూసేవాళ్లకే తెలుస్తాయి. పేర్లు పాస్‌బుక్ చూసి ఎక్కిస్తే కౌలు రైతు లెక్కలోకే రాడు, మీకు నేను చెప్పాలా!

గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా ఆంత్రొపాలజిస్ట్ వరంగల్ పత్తి రైతుల మధ్య ఏళ్లపాటు తిరిగి 2007లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఊరంతా ఒక ఏడు ఒక బ్రాండు మీద పడుతుంది, రెండేళ్లకు ఇంకో దాని మీద పడుతుంది, మార్కెట్లో రకాలు అంత వేగంగా మారుతుంటే రైతు తన చేలో తాను చూసి నేర్చుకునే వీలు పోతోందని అందులో చూపించారు. ఇప్పుడు ఏ మందు ఎప్పుడు కొట్టాలో కూడా ఫోనే చెబితే ఆ నేర్చుకోవడం పెరుగుతుందా, ఇంకా తగ్గుతుందా? నా దృష్టిలో మీ అమ్మాయి పట్టుకోవాల్సిన ప్రశ్న ఇదే, పైగా మిర్చి ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది అడిగే హక్కు, అర్థం చేసుకునే చూపు రెండూ ఉన్నాయి.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఆంత్రొపాలజిస్ట్ కావాలని ప్రకటనలు అరుదు. సోషల్ సైంటిస్ట్, జెండర్ రీసెర్చర్, యూజర్ రీసెర్చర్ (యాప్‌ను జనం ఎలా వాడుతున్నారో చూసేవాళ్లు) అనే పేర్లతో వెతకాలి, మొదట్లో ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంతకాలమే జీతం, పర్మనెంట్ కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. ఆ నాలుగైదేళ్లు ఇల్లు ఆగగలదా అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి. చదువుకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. పక్కన స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారం పెట్టి చూసే పద్ధతి) తప్పనిసరిగా నేర్చుకోవాలి, లేకపోతే ఇంజినీర్లతో కూర్చున్నప్పుడు మాట కలవదు.

అప్లై చేసేలోపు అమ్మాయిని మీ ఊళ్లోనే పది ఇళ్లకు పంపండి. పోయిన సీజన్‌లో ఫోన్‌కు ఏ సలహా వచ్చింది, ఎవరు చదివారు, చివరికి ఎవరి మాట విన్నారు అని అడిగి రాసుకు రమ్మనండి. ఆ నోట్‌బుక్ మీరు కూడా చదవండి.