కురే వెళ్ళబోయే శ్రీనుకి

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

హిరోషిమా నుంచి ఒక్క రోజులో కురే రేవు పట్టణం చూసొస్తానని నువ్వు పంపిన ప్లాను చూశాను. పదింటికి యమాతో మ్యూజియం, పన్నెండింటికి భోజనం, రెండింటికి తిరుగు రైలు. చాలామంది చేసేదీ అదే. ఆ లెక్కన నువ్వు చూసేది రెండో ప్రపంచయుద్ధం నాటి యమాతో యుద్ధనౌక బొమ్మని. దాన్ని కట్టిన యార్డు అక్కణ్ణుంచి కాస్త దక్షిణంగా, ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. అందుకని వరస తిరగెయ్యి. పొద్దున్నే యార్డు వైపు వెళ్ళు, మధ్యాహ్నం మ్యూజియాలు చూడు, పొద్దు గూకే వేళకి పడవెక్కు.

అన్నిటికంటే ముందు వారం చూసుకో. మంగళవారం వెళ్ళావంటే రోజు దండగ, రెండు పెద్ద మ్యూజియాలకీ ఆ రోజే సెలవు. మంగళవారం పండగొస్తే ఆ సెలవు మర్నాటికి జరుగుతుంది, అదీ గుర్తుపెట్టుకో. యమాతో మ్యూజియాన్ని 2025 ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం ఏడాదికి పైగా మూశారు. కాబట్టి నువ్వెళ్ళే తేదీకి వేళలేమిటో వాళ్ళ సైట్లో చూసుకున్నాకే బయల్దేరు.

రైల్లో కుడివైపు కిటికీ పట్టుకో, సముద్రం అటే. రాపిడ్ రైలైతే అరగంట పైచిలుకు, అన్ని స్టేషన్లలో ఆగేదైతే ముప్పావుగంట. యమాతో కడుతున్న రోజుల్లో ఇదే దారిలో సముద్రం వైపు కిటికీలు మూయించేవారు. కురే లైను చాలావరకు సింగిల్ ట్రాక్, ఒక బండి ఆలస్యమైతే ఎదురొచ్చేదీ ఆగుతుంది. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకున వెళ్ళే దారి కనుక పెద్ద వానలకి కొండచరియలు విరిగిపడతాయి. 2018 జులై వానలకి నెలల తరబడి రైళ్ళు నడవలేదు. వాన హెచ్చరిక ఉంటే హిరోషిమా నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కు. ఆకాశం తేటగా ఉంటే వెళ్ళేటప్పుడే ఉజినా రేవు నుంచి ఫెర్రీలో వెళ్ళినా బాగుంటుంది. ముప్పావుగంటే పడుతుంది, ఊళ్ళోకి సముద్రం మీంచే వెళ్తావు.

స్టేషన్ ముందు బస్సెక్కి ‘సెన్సుయితాయ్ మాయే’ స్టాపులో దిగు. పది నిమిషాల పైన పడుతుంది. వెనక తలుపున ఎక్కి నంబరు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు ముందు వైపు డబ్బులివ్వాలి. బస్సులోని మెషిను వెయ్యి యెన్ నోటుకే చిల్లర ఇస్తుంది. పదివేల నోటు ఒక్కటే జేబులో పెట్టుకుని ఎక్కి డ్రైవరు ముందు ఇబ్బంది పడేవాళ్ళున్నారు. చిల్లర ఉంచుకో.

అక్కడున్నది అలే కరాసుకోజిమా పార్కు. ఒడ్డున నిలబడితే ఎదురుగా జలాంతర్గాములు కట్టేసి ఉంటాయి. జపాన్‌లో జలాంతర్గాముల స్థావరాలు రెండే, ఒకటి యొకోసుకా, రెండోది ఇది. పార్కు పడమటి ముఖం, కాబట్టి పొద్దున్న వెలుగు నీ వీపు వెనక ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత వెళితే ఎండ ఎదురు కొట్టి ఫోటోలో నల్లటి మచ్చలే మిగులుతాయి. వాటి మీద నంబర్లు, పేర్లు ఉండవు. పోల్చాలంటే తోక చూడు. నీటి పైకి రెండు రెక్కలు ఏటవాలుగా, ఎక్స్ ఆకారంలో పై సగంలా కనిపిస్తే సోర్యూ రకం గాని దాని తర్వాతది గాని. ఒకే రెక్క నిలువుగా ఉంటే పాత ఒయాషియో. పార్కులోంచి ఫోటోలు తీసుకోవచ్చు. గేటు దగ్గర కాపలావాళ్ళ మొహాల మీదికి కెమెరా పెట్టకు, డ్రోన్ మాట తలపెట్టకు.

తిరిగొచ్చేటప్పుడు ‘షికి కుహి మాయే’ దగ్గర దిగితే ‘రెకిషి నో మియెరు ఓకా’ (చరిత్ర కనబడే కొండ) అనే ఎత్తు ప్రదేశం ఉంది. టూరిస్టులు పెద్దగా ఆగరు. నన్నడిగితే ఆ ఊళ్ళో ముందు చూడాల్సింది ఇదే. కింద కనిపించేది జపాన్ మెరైన్ యునైటెడ్ యార్డు. అందులో పెద్ద కప్పున్న షెడ్డు చూడు. 1937 నవంబరులో యమాతో కీల్ (ఓడ అడుగున వెన్నుదూలం) వేసిన డాక్, అంటే ఓడలు కట్టే పెద్ద గొయ్యి, దాని కిందే ఉండేది. డాక్‌ని పూడ్చేశారు, కప్పు మిగిలింది. యమాతోని స్లిప్‌వే మీద, అంటే నీళ్ళలోకి దిగే వాలు మీద, కట్టి జార్చలేదు. డాక్‌లో కట్టి, 1940 ఆగస్టులో నీళ్ళు వదిలి తేల్చారు. అందుకోసం డాక్‌ని ఒక మీటరు లోతు తవ్వాల్సొచ్చింది.

ఓడను బ్లాకులుగా విడిగా కట్టి, గొట్టాలూ యంత్రాలూ ముందే బిగించి తర్వాత డాక్‌లో కలిపే పద్ధతి ఆ పనిలోనే ఇక్కడ బాగా పాదుకుంది. యుద్ధం అయ్యాక 1951లో డేనియల్ లుడ్విగ్ అనే అమెరికన్ యజమాని ఇదే యార్డును అద్దెకి తీసుకున్నాడు. అప్పుడా పద్ధతి వెల్డింగ్‌తో కలిసి ట్యాంకర్లకి ఉపయోగపడింది. లక్ష టన్నులు దాటిన తొలి ట్యాంకర్ యూనివర్స్ అపోలో 1959లో ఇక్కణ్ణుంచే బయటికొచ్చింది. కొండ మీద ఇదంతా మనసులో పెట్టుకుని మ్యూజియానికి వెళ్ళు, చూపు మారుతుంది.

యమాతో మ్యూజియంలో నమూనా ఓడ 26.3 మీటర్లు, అసలుదానిలో పదో వంతు. ముందు కింద నిలబడి ముక్కు చూడు, నీటి కింద ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎదురొచ్చే అలని తగ్గించడానికే ఆ ఉబ్బు. తర్వాత పై అంతస్తు నుంచి డెక్కు చూడు. ఫిరంగులు 46 సెంటీమీటర్లవి, తొమ్మిది. అంత చేసీ 1945 ఏప్రిల్ 7న విమానాల దాడికి మునిగింది. మూడు వేల మందికి పైగా చనిపోయారు. మనిషే లోపల కూర్చుని నడిపి ప్రాణమిచ్చే కైతెన్ మానవ టార్పీడో దగ్గర గట్టిగా మాట్లాడకు, జపాన్ వాళ్ళు అక్కడ ఊరికే నిలబడిపోతారు.

ఎదురుగా ‘తెత్సు నో కుజిరా’ మ్యూజియం, నౌకాదళం వాళ్ళది, టికెట్టు లేదు. రోడ్డు పక్కన నేల మీద నిలిపిన 76 మీటర్ల అకిషియో జలాంతర్గామిలోకి వెళ్ళొచ్చు, పెరిస్కోప్‌లోంచి రేవు చూడొచ్చు. మన బీచ్ రోడ్డు కుర్సురా చూసినవాడివి కాబట్టి ఇరుకు కొత్తేం కాదు, తల మాత్రం జాగ్రత్త. తొందరలో మైన్లు (సముద్రంలో పెట్టే మందుపాతరలు) ఏరే విభాగం వదిలెయ్యకు. యుద్ధంలో అమెరికా జపాన్ చుట్టూ పది వేలకి పైగా మైన్లు జారవిడిచింది. వాటిని ఏరడంతోనే ఇప్పటి నౌకాదళానికి చాలా పని పడింది.

భోజనానికి వాళ్ళ నేవీ కర్రీ గురించి చెప్తారు. ఒక్కో ఓడ వంటకం ఒక్కో హోటల్లో పెడతారు. పులుసు మైదాతో చిక్కబెట్టినది, చాలావాటిలో గొడ్డు మాంసం గాని పంది మాంసం గాని పడుతుంది. చేపల కర్రీ అని రాసి ఉన్నా అడుగున మాంసం రసం ఉండొచ్చు. ‘గ్యూనికు హైత్తే ఇమస్ కా’ (గొడ్డు మాంసం ఉందా) అని అడుగు. నీతో వచ్చే సుధ శాకాహారి కాబట్టి తనకి ఇంట్లోంచే పులిహోర కట్టుకెళ్ళు, అక్కడ వెతకడంలో గంట పోతుంది.

సాయంత్రం పడవ టికెట్టు రేవు టెర్మినల్లో తీసుకో. సెలవు రోజుల్లో ముందే బుక్ చేసుకో. అరగంట పైన తిప్పుతారు, వివరణ జపనీస్‌లోనే. సూర్యాస్తమయం ట్రిప్పయితే ఓడల మీద జెండా దించుతూ బ్యూగిల్ ఊదడం వినొచ్చు. కాగా అనే 248 మీటర్ల ఓడ ఊళ్ళో ఉంటే దాని పక్కగానే వెళ్తావు.

ఇంకో మాట. యుద్ధంలో ఓడిన జపాన్‌కి 1946లో మిత్రరాజ్యాల ఆక్రమణ దళాలతో వచ్చిన భారత సైనికులు దిగింది ఈ రేవులోనే. తర్వాత మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య అప్పట్లో అక్కడ ఒక బ్రిగేడ్‌ను నడిపాడు.

ఎతాజిమా నౌకా విద్యాలయాన్ని ఇదే రోజులో ఇరికించకు. ఫెర్రీ, బస్సు, గైడు చెప్పిన వేళలు, అన్నీ కలిసి ఒక పూట పడుతుంది. ఇంకోసారి వెళ్ళు. పడవ దిగాక వచ్చే రైలు వేళ పొద్దున్నే ఫోనులో ఫోటో తీసి ఉంచుకో.

ఇట్లు,
మీ మామయ్య,
విశాఖపట్నం