సమాధానం: ఘాట్‌రోడ్డు వాలు మీద మట్టి కోతకు చువ్వల కొలత

పాడేరు ఘాట్‌లో డ్రోన్ ఖర్చు లేకుండా మట్టి కోత కొలవాలన్నారు కదా, ఇనుప చువ్వలు చాలు. 10 మి.మీ. చువ్వను 60 సెం.మీ. ముక్కలు కోయించి, వాలుకు లంబంగా దిగ్గొట్టి 5 సెం.మీ. బయట ఉంచండి. ముక్కకీ ముక్కకీ 2 మీటర్ల ఎడం. ఎర్రరంగు పూస్తే వెతుక్కోవడం సులువు (పాత ఇనుము ఏరేవాళ్లకూ సులువే!).

ఒక్కోదానికి వదులుగా వాషర్ తొడగండి. మట్టి పోయేకొద్దీ అది దిగుతుంది, పైనుంచి మట్టి వచ్చి పడితే పూడుతుంది. అందుకే చువ్వ కొన నుంచి వాషర్ దాకా ఒకటి, మట్టి దాకా ఒకటి, రెండు కొలతలు రాయాలి. దిగ్గొట్టిన రోజు మట్టి కదిలి ఉంటుంది కాబట్టి మొదటి వాన తర్వాతి కొలతే ఆధారం. దాంతో పోలిస్తే మట్టి మట్టం 1 సెం.మీ. తగ్గితే చదరపు మీటరుకు 10 లీటర్ల మట్టి పోయినట్టు.

చువ్వలే వరుస తప్పి వంగితే అది కోత కాదు, వాలే జారుతోంది. వెంటనే ఇంజనీరుకు చెప్పండి.